బూర మీద పేరు ఒకరిది, చేసిన చెయ్యి మరొకరిది
మెరుగు చూసి ట్రంపెట్ కొంటున్న మేళగాళ్లకు తప్పని నష్టం

ఉరుకుంద: శ్రావణమాసం వచ్చిందంటే ఉరుకుందలో అడుగు తీసి అడుగు వేయడానికి సందు దొరకదు. నరసింహ ఈరన్నస్వామి దర్శనానికి సోమ, గురువారాల్లో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచే కాక కర్ణాటక నుంచి కూడా జనం విరగబడి వస్తారు. మొక్కు తీరినవారిలో కొందరు మేళం పెట్టుకుని మరీ వస్తారు. డీజే పెట్టెలు వచ్చి బ్యాండు మేళాల నోటికాడి కూడు లాగేసుకున్న ఈ రోజుల్లోనూ పశ్చిమ ప్రాంత పల్లెల్లో కొన్ని మేళాలు ఇంకా బతికి ఉన్నాయంటే ఇలాంటి మొక్కులు, పెళ్లి మెరవణులే కారణం.

కిందటేడు శ్రావణంలో ఒక సోమవారం మధ్యాహ్నం రెండు మేళాలవాళ్లు ఒక వేపచెట్టు నీడన కూర్చుని ఉన్నారు. అందులో కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక యువకుడి చేతిలో కొత్త ట్రంపెట్ తళతళ మెరుస్తోంది. బూర గంట మీద పూలతీగ చెక్కి, మధ్యలో వంకర ఇంగ్లీషు అక్షరాలతో ఒక పేరు ఉంది. అది కొన్న దుకాణం వారి పేరే. అయితే ఆ యువకుడి ముఖంలో ఆ మెరుపు లేదు. రెండో పిస్టన్ నొక్కితే కిందికి పోతోంది కానీ తిరిగి పైకి రావడం లేదు. పాట మధ్యలో వేలితో పైకి లాగుకోవలసి వస్తోంది.

పక్క మేళంలో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి. అంతసేపూ చూసి చూసి, ‘ఇట్లియ్యి నాయనా, యాడ కొంటివి?’ అని చెయ్యి చాపాడు. గంట మీది పేరు వైపు ఆయన చూడనైనా చూడలేదు. బూరను తలకిందులు చేసి రెండో పిస్టన్ అడుగు మూత విప్పాడు. తన పాత ట్రంపెట్‌కున్న మూత విప్పి దీనికి తిప్పి చూశాడు. నూనె రాసినట్లు సాఫీగా ఎక్కి కూర్చుంది. కొత్తదాని మూత పాతదానికి పెట్టాడు. అదీ ఎక్కింది. ‘నాది పదకొండేండ్ల కిందటిది. ఇది దాని తమ్ముడే. పేరు మారింది, అంతే’ అన్నాడు.

ఆ యువకుడికి దుకాణంలో చెప్పింది వేరు. ఇది విదేశీ సరుకు, అందుకే ఇరవై రెండు వేలు అన్నారు. ఆలుమగలిద్దరూ రెండు సుగ్గులు గుంటూరు వైపు వలసపోయి మిరపకాయలు కోసి మిగిల్చిన డబ్బు అది. పెద్దాయన తన బూరకు పెట్టింది అందులో మూడోవంతు కూడా లేదు. పదకొండేళ్లలో ధరలు పెరిగాయనుకున్నా అంత తేడా రాదు.

ఈ విలేకరి అప్పటి నుంచి మేళాలవాళ్లను, మరమ్మతు చేసేవారిని అడిగి తెలుసుకున్న సంగతులు నలుగురికీ పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాడు.

మీరట్ నుంచి మన ఊరిదాకా

మన దేశంలో బ్యాండు మేళాలు ఊదే ఇత్తడి బూరలకు పుట్టినిల్లు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడ జలీ కోఠీ అనే పేటలో సందుసందుకూ ఇత్తడి రేకు కొట్టే చప్పుడే. 1885లో స్థాపించిన నాదిర్ అలీ కంపెనీ అక్కడివాటిలో పేరుమోసింది. మీరట్ కంటోన్మెంటు ఊరు. తెల్లవారి పటాలాలకు బ్యాండు కావాలి, బ్యాండుకు బూరలు కావాలి. అలా మొదలైన పని, పటాలాల నుంచి పెళ్లి ఊరేగింపుల దాకా పాకింది. మీరట్ బిగిల్‌కు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఆ పేటలో పేరున్న కంపెనీలు కొన్నే. చిన్న చిన్న కార్ఖానాలు మాత్రం చాలా. వీరిలో పలువురు తమ పేరు వేసుకోరు. దుకాణదారు ఏ పేరు చెక్కమంటే ఆ పేరు చెక్కి పంపుతారు. ఒకే కొలిమిలో పుట్టిన బూరలు ఒక ఊళ్లో ఒక పేరుతో, మరో ఊళ్లో మరో పేరుతో అమ్ముడవుతాయి. ఇటీవలి కాలంలో చైనాలోని తియాన్‌జిన్ ప్రాంతపు ఫ్యాక్టరీల సరుకు కూడా ఇదే పద్ధతిలో వస్తోంది. పెట్టె విప్పితే మన దేశపు పేరు, బూర మాత్రం అక్కడిది. లేదా అమెరికా పేరులా వినిపించే పేరు, అలాంటి కంపెనీ అమెరికాలో వెతికినా దొరకదు.

ఇది మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం అనుకుంటే పొరపాటు. నూరేళ్ల కిందటే అమెరికాలో సియర్స్ వంటి పెద్ద వర్తక సంస్థలు పుస్తకాల్లో బొమ్మలు అచ్చువేసి తపాలాలో బూరలు అమ్మేవి. ఆ సంస్థలకు సొంత కార్ఖానాలు లేవు. ఎల్క్‌హార్ట్ అనే ఊరి ఫ్యాక్టరీలు, చెక్ దేశంలోని క్రాస్లిత్సే పట్టణపు పనివారు చేసి ఇచ్చేవారు. రేకులో అక్షరాలు కత్తిరించి రంగు పూసే అచ్చును స్టెన్సిల్ అంటారు కదా, ఆ మాటే ఇలాంటి బూరలకూ పేరై నిలిచింది. అక్కడ ఇప్పటికీ పాత స్టెన్సిల్ బూర దొరికితే అసలు ఎవరు చేశారో కనుక్కోవడం కొందరికి ఒక సరదా. మనకు సరదా కాదు, పొట్టకూటి సంగతి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దుకాణం పేరు ఉన్నంత మాత్రాన సరుకు చెడ్డదని కాదు. మంచి కార్ఖానా సరుకు మీద దుకాణం పేరు వేసి తక్కువ ధరకు అమ్మితే కొన్నవాడికి లాభమే. మూత మార్చి చూసిన పెద్దాయన బూరా దుకాణం పేరుదే. పదకొండేళ్లుగా ఊదుతున్నాడు. పేరు అబద్ధం కాదు, పేరు చూపి చెప్పే కథ అబద్ధం. అసలు ఆదోని మార్కెట్‌యార్డులో పత్తి కొనేవాడు బోరెం మీది అక్షరాలు చదువుతాడా? చెయ్యి లోపలికి దూర్చి పింజ లాగి చూస్తాడు. బూరకూ అంతే. అయితే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియాలి.

మెరుగు చేరని చోట్లు

గంట మీది చెక్కడాన్ని చివరకు చూడవచ్చు. అది అన్నిటికన్నా తేలికగా మార్చగలిగేది. చేసినవాడి చెయ్యి మెరుగు చేరని చోట్లలో బయటపడుతుంది. ఎంగిలి నీళ్లు వదిలే చిన్న మీట ఉంటుంది. దాని వంపు, దాని కింది స్ప్రింగు ఒక్కో కార్ఖానాది ఒక్కో తీరు. గొట్టాలను కలిపి పట్టే అడ్డబద్దీలు, చిటికెన వేలు పెట్టే కొక్కెం, మూడో స్లైడు ఉంగరం కూడా అంతే. ఇవన్నీ అచ్చుల మీద తయారయ్యే భాగాలు. పేరు మార్చినంత సులువుగా అచ్చులు మార్చరు. కనుక తెలిసిన బూరను పక్కన పెట్టుకుని ఈ భాగాలు పోల్చి చూస్తే అన్నదమ్ములెవరో తెలిసిపోతుంది. మూతల మర ఎక్కడం మరో గుర్తు. అయితే ఇదొక్కటే నమ్మడానికి వీల్లేదు. నకలు కొట్టేవాడు మరను కూడా నకలు కొట్టవచ్చు.

తర్వాత నంబరు చూడాలి. పేరున్న కంపెనీలు సాధారణంగా రెండో పిస్టన్ గొట్టం మీద వరుస నంబరు కొడతాయి. దుకాణం పేరుతో వచ్చే బూరల్లో చాలావాటికి నంబరే ఉండదు. ఉన్నా, దుకాణంలోని రెండు మూడు బూరలు తీసి చూస్తే అన్నిటికీ ఒకటే నంబరు కనిపించవచ్చు. అటువంటప్పుడు ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. పెద్ద కంపెనీ పేరు గంట మీద ఉండి, నంబరు లేకపోతే అది అసలుది కాదేమోనని అనుమానించాలి.

గంటను వెలుతురుకు అడ్డంగా పట్టి తిప్పి చూడాలి. రేకును చుట్టి అతికిన చోట పొడుగునా సన్నని గీత లాంటిది కనిపిస్తుంది. అది తప్పు కాదు, సుత్తితో కొట్టి చేసిన గంటకు గుర్తు. గంట అంచుకు కొన్ని అంగుళాల లోపల గుండ్రంగా అతుకు కనిపిస్తే రెండు ముక్కలు చేసి కలిపారన్నమాట. అదీ పనికిరానిదేమీ కాదు కానీ చవక పని. వంపుల లోపలి వైపు వేలితో తడమాలి. ముడతలు తగిలితే గొట్టం వంచినవాడు తొందరపడ్డాడని అర్థం. బద్దీల దగ్గర టంకం కారి గడ్డకట్టి ఉన్నా, అక్షరాల అంచులు అరిగి మొద్దుబారి ఉన్నా జాగ్రత్తపడాలి. మెరుగు చక్రం మీద అతిగా పట్టిన బూర రేకు పలచబడుతుంది. పాతదాన్ని కొత్తదిగా చూపడానికి కూడా అలాగే పడతారు. నికెల్ పోత పోసిన బూరల్లో ఈ మాట మరీ నిజం. నికెల్ కింద ఎన్ని మాట్లు ఉన్నాయో పైకి తెలియదు.

ప్రాణమంతా పిస్టన్లలో

ఎవరు చేశారన్నది సగం సంగతి. ఎలా చేశారన్నది అసలు సంగతి. ట్రంపెట్‌లో గొట్టం అంతా చాపితే దాదాపు నాలుగు అడుగుల పది అంగుళాలు వస్తుంది. రెండో పిస్టన్ నొక్కితే గాలి కొంచెం ఎక్కువ దూరం తిరిగి స్వరం అర మెట్టు దిగుతుంది. మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర మెట్టు. ఈ తరహా పిస్టన్‌ను 1830ల చివర ప్యారిస్‌లో పెరినే అనే పనివాడు తెచ్చాడు. ఇప్పటికీ అదే నడుస్తోంది. పిస్టన్‌కూ దాని గొట్టానికీ మధ్య ఎడం తల వెంట్రుక మందం కన్నా తక్కువ ఉండాలి. ఎక్కువైతే గాలి కారిపోతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. మంచి కార్ఖానాలో ఒక్కో పిస్టన్‌ను దాని గొట్టంలోనే అరగదీసి జత చేస్తారు. చవక సరుకులో ఆ ఓపిక ఉండదు.

దుకాణంలో పిస్టన్లు చకచకా ఆడుతున్నాయని మురిసిపోవద్దు. చిక్కటి నూనె పోసి ఉంచితే అరిగిన పిస్టన్ కూడా గాలి ఆపుతుంది. అందుకని మూడు పిస్టన్లూ బయటికి తీయించి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, వాల్వు నూనె రెండు చుక్కలు వేసి మళ్లీ పెట్టాలి. పెట్టేటప్పుడు వాటి మీది 1, 2, 3 అంకెలు గొట్టాల అంకెలతో కలిశాయో లేదో చూడాలి. తారుమారైతే బూర మూగబోతుంది. తుడిచినప్పుడే పిస్టన్ ఒంటిని గమనించాలి. నిలువు గీతలు ఉన్నా, తెల్లటి పోత లేచి లోపలి ఎర్రదనం కనిపించినా దాన్ని అక్కడే పెట్టి రావడం మేలు.

ఇప్పుడు గాలి పరీక్ష. పిస్టన్ నొక్కకుండా మొదటి స్లైడును ఒక అంగుళం బయటికి లాగి పట్టుకోవాలి. మనసులో పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు మొదటి పిస్టన్ నొక్కాలి. సీసా బిరడా తీసినట్లు ‘టప్’ మని వినిపిస్తే గాలి కారలేదన్నమాట. ఏమీ వినిపించకపోతే పిస్టన్ వదులు. ఈ ఒక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఊదడం రానివాడు కూడా చేయవచ్చు. ఇదే పరీక్ష ఆ యువకుడి బూరకు పెద్దాయన చెట్టు కింద చేసి చూపించాడు. మొదటిది మోగింది. మూడోది కొంచెం మోగింది. పైకి రాని రెండోది మాత్రం గట్టిగానే మోగింది. అంటే దాని పిస్టన్ అరగలేదు, గొట్టంలో బిగిసిపోయింది. టంకం పెట్టేటప్పుడు వేడికి గొట్టం కాస్త వంకరపోయి ఉంటుందని ఆయన అన్నాడు.

స్లైడులన్నీ చేత్తో లాగితే రావాలి. ‘కొత్తది కదా, బిగువుగా ఉంటుంది, వాడగా వాడగా వస్తుంది’ అని చెబితే నమ్మవద్దు. రెండు కాళ్లు సమానంగా లేని స్లైడు ఎన్నేళ్లయినా రాదు. ముఖ్యంగా మూడో స్లైడు. కింది స్థాయిలోని రి, దాని కింది అర మెట్టు స్వరం ఏ ట్రంపెట్‌లోనైనా కొంచెం పైకి పలుకుతాయి. ఉంగరంలో వేలు పెట్టి ఆ స్లైడును చాపితేనే దారికి వస్తాయి. మూడో స్లైడు కదలని బూర ఎంత మెరిసినా కుంటిదే.

శ్రుతిని ఎవరూ చెక్కి ఇవ్వలేరు

ఇక ఊది చూడటం. సొంత మౌత్‌పీసు తీసుకుపోవాలి. అది లోపలికి ఒక అంగుళం దాకా దిగి, ఊగకుండా కూర్చోవాలి. ఏ పిస్టనూ నొక్కకుండా పెదవి బిగింపుతోనే స, ప, పై స, ఆ పైన గ, ప, మళ్లీ స వస్తాయి. సెల్‌ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టుకుని పక్కవాడిని చూడమనాలి. మూడు స లు ఒకదానికొకటి కలవాలి. వాటి మధ్య బాగా తేడా ఉంటే గొట్టం, గంటల కొలతలే తప్పని అర్థం. దాన్ని ఏ మరమ్మతుదారూ సరిచేయలేడు. పైన వచ్చే గ ఇసుమంత తగ్గి పలికితే కంగారు అక్కర్లేదు, అది ఏ బూరకైనా సహజం. అక్కడ మొదటి, రెండో పిస్టన్లు కలిపి నొక్కితే సరిపడుతుంది. ట్యూనింగ్ స్లైడు పూర్తిగా లోపలికి తోసినప్పుడు బూర శ్రుతి కీబోర్డు కన్నా కొద్దిగా పైన ఉండాలి. స్లైడును అర అంగుళం లాగితే కలవాలి. పూర్తిగా తోసినా కిందే ఉంటే ఆ బూరను పైకి తెచ్చే ఉపాయం లేదు.

తాతల నాటి లండన్ బూరలు ఇంట్లో ఉన్నవారు ఈ శ్రుతి సంగతి తప్పక తెలుసుకోవాలి. 440 శ్రుతి 1939లో లండన్ సమావేశంలో ఒప్పుకున్నది. బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్లు మాత్రం 1960ల దాకా సుమారు 452 మీదే వాయించేవి. ఆ కాలపు బూర పనితనం గొప్పదే కావచ్చు, నేటి కీబోర్డుతో మాత్రం కలవదు. పేరు చూసి అలాంటివి ఎక్కువ ధరకు కొన్నవారు తర్వాత స్లైడులన్నీ లాగి తంటాలు పడుతున్నారు.

పాత బూర కొనేవారు మౌత్‌పీసు పెట్టే గొట్టం లోపలికి టార్చి వేసి చూడాలి. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. మామూలు పసుపు ఇత్తడిలో రాగి 70 పాళ్లు, తుత్తునాగం 30 పాళ్లు. ఎంగిలి తడికి ఏళ్ల తరబడి తుత్తునాగం తినేసి, రాగి ఎర్రటి మచ్చలుగా మిగులుతుంది. పై నుంచి గులాబీ రంగు చుక్కలు కనిపిస్తే లోపల పుండు అప్పటికే ముదిరినట్లు. గొట్టం మార్చడం తప్ప మందు లేదు. నెలకొకసారి గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో లోపల కడిగితే ఈ జబ్బు దగ్గరికి రాదు. మన మేళాల్లో ఇది చేసేవారు ఎందరున్నారో వారికే తెలియాలి.

పెట్టె పారేయకండి

గంట అబద్ధం చెప్పినా పెట్టె నిజం చెప్పే అవకాశం ఉంది. ప్యాక్ చేసిన సరుకుల మీద తయారుచేసినవారి లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా వేయాలి. ‘విదేశీ’ అని నోటితో చెప్పిన దుకాణదారును అదే మాట బిల్లు మీద రాయమని అడగండి. రాసిస్తే మంచిదే. రాయనంటే ధర సంగతి మళ్లీ మాట్లాడవచ్చు.

మోసపోయినవారు 1915 నంబరుకు ఫోన్ చేసి వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు చెప్పుకోవచ్చు. 2019 చట్టం ప్రకారం బూర హైదరాబాదులో కొన్నా, బళ్లారిలో కొన్నా కొన్నవారు తామున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. అంటే మనకు కర్నూలు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. కావలసిందల్లా బిల్లు. మన మేళాలవాళ్ల దగ్గర లేనిదీ అదే. వేపచెట్టు కింది యువకుడి దగ్గరా లేదు. బిల్లు తీసుకుంటే పన్ను పడుతుందన్నారట, వద్దని వచ్చేశాడు. పెట్టె బస్సు మీద వేస్తే వానకు తడిసిందని పారేశాడు.

తర్వాత అతను బూర తీసుకుని అదే దుకాణానికి పోయాడు. మార్చి ఇవ్వలేదు, పిస్టన్‌కు నూనె పోసి పంపారు. చివరకు పెద్దాయనకు తెలిసిన ఒక మరమ్మతుదారు రెండో గొట్టాన్ని మెల్లగా సరిచేసి ఎనిమిది వందలు తీసుకున్నాడు. మాఘమాసం పెళ్లిళ్లలో ఆ బూరే మోగింది. మధ్యమధ్యలో పిస్టన్ ఇంకా ఒకటి రెండుసార్లు కిందనే ఉండిపోతోందట. ఈసారి మిరపకోతకు ఇద్దరూ పోలేదు, భార్య ఒక్కతే పోయింది. తమ్ముడికి కూడా ఒక ట్రంపెట్ కొనాలని ఉందట. దుకాణానికి పోయేనాడు పెద్దాయనను వెంటబెట్టుకుని పోతానని, బస్సు ఛార్జీ, భోజనం తనవేనని చెప్పాడు.